రాగిరేకులపై పితృఋణం

మహాకవికి పుత్రుడై జన్మించడం ఒక భాగ్యం. ఆ మహాకవి వాక్కును కాలగర్భంలో కలిసిపోనీయకుండా భావితరాలకు అందించడం ఒక గురుతరమైన బాధ్యత. భాగ్యం దైవదత్తంగా లభిస్తుంది. బాధ్యతను మాత్రం మనిషి తనంతట తానే భుజాన వేసుకోవాలి. అలా వేసుకుని, తండ్రి పాటలను రాగిరేకులపై చెక్కించి, నాలుగు శతాబ్దాల తరువాత పుట్టిన తెలుగువారికి కూడ వాటిని దక్కించిన ధన్యజీవి తాళ్ళపాక పెదతిరుమలాచార్యుడు.

పెదతిరుమలాచార్యుని తండ్రి పదకవితా పితామహుడైన అన్నమాచార్యుడు. తల్లి అక్కలమ్మ. కడప మండలంలో రాజంపేటకు సమీపంలోని తాళ్ళపాక గ్రామం వీరి వంశానికి మూలస్థానం. అన్నమాచార్యుడు 1408వ సంవత్సరంలో అక్కడే నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు జన్మించాడు. బాల్యంలోనే ఇల్లు విడిచి తిరుమల కొండకు చేరుకున్నాడు. పదునారవ ఏట శ్రీవేంకటేశ్వరుని సాక్షాత్కారం పొంది, 1424 నుండి సంకీర్తన రచనకు పూనుకున్నాడు. అన్నమాచార్యునికి తిమ్మక్క, అక్కలమ్మ అని ఇద్దరు భార్యలు. వారిలో తిమ్మక్క స్వయంగా కవయిత్రి. అర్జునుడు సుభద్రను వలచి వివాహమాడిన కథను ఆమె సుభద్రా కల్యాణమనే పేరుతో ద్విపద కావ్యంగా రచించింది. తెలుగు కవయిత్రులలో ప్రథమురాలిగా సాహిత్య చరిత్రకారులు ఆమెను పేర్కొంటారు. తండ్రి పాట, పినతల్లి కావ్యం పుట్టిన అటువంటి ఇంట పెదతిరుమలాచార్యుడు పెరిగాడు.

అన్నమాచార్యుని పాటలు రెండు విధాలు. సంసారం యొక్క నిస్సారతను, భగవంతుని శరణు పొందవలసిన అవసరాన్ని బోధించేవి అధ్యాత్మ సంకీర్తనలు. అలమేలుమంగా వేంకటేశ్వరుల అనురాగాన్ని వర్ణించేవి శృంగార సంకీర్తనలు. లభించిన వాటిలో శృంగార సంకీర్తనలే అధికం. నాయిక అలుక, నాయకుని బుజ్జగింపు, చెలికత్తెల రాయబారం, విరహంలోని వేదన, కలయికలోని సంతోషం ఆ పాటల్లో జీవం పోసుకున్నాయి. వాటి భాష పండితుల ఇళ్ళకే పరిమితమైనది కాదు. రోకటి పాటలు, జాజర పాటలు, లాలి పాటలు పాడుకునే సామాన్య స్త్రీల నోటి నుండి వచ్చిన తెలుగు అది. కావ్యాలకే గౌరవం దక్కే ఆ రోజులలో ఇటువంటి పదాలను వ్రాసి దాచాలనే ఆలోచన సర్వసాధారణం కాదు. పాట పాడినంత సేపే నిలుస్తుందనీ, పాడేవారు పోతే పాట కూడ పోతుందనీ లోకం భావించేది.

1503వ సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు అన్నమాచార్యుడు పరమపదించాడు. స్వామికి నిత్యం సంకీర్తనను సమర్పించే కైంకర్యాన్ని ఆయన తన కుమారునికి అప్పగించాడని సంప్రదాయం చెబుతుంది. పెదతిరుమలాచార్యుని ముందు రెండు కర్తవ్యాలు నిలిచాయి. తాను కొత్త పాటలు రచిస్తూ తండ్రి ప్రారంభించిన సేవను కొనసాగించడం మొదటిది. తండ్రి అప్పటికే రచించిన పాటలను కాపాడడం రెండవది. అన్నమాచార్యుడు 32,000 సంకీర్తనలు రచించాడని ఆయన మనుమడు చిన్నన్న తన గ్రంథంలో తెలిపాడు. అంతటి వాఙ్మయానికి ఆధారం గాయకుల కంఠాలు, తాటియాకులు మాత్రమే. తాటియాకుకు చెదపురుగు భయం, తేమ భయం, నిప్పు భయం ఉన్నాయి. ఎంత జాగ్రత్తపడినా కొన్ని తరాలకొకసారి ప్రతిని తిరిగి వ్రాయించక తప్పదు. వ్రాయించేవారు లేని తరం ఒక్కటి వచ్చినా గ్రంథం అంతరించిపోతుంది.

ఈ ప్రమాదాన్ని గుర్తించిన పెదతిరుమలాచార్యుడు పాటలను రాగిరేకులపై చెక్కించడానికి సంకల్పించాడు. రాజులు దానశాసనాలను రాగిరేకులపై వ్రాయించడం అప్పటికి వాడుకలో ఉన్నదే. భూమి హక్కు సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని వారు అలా చేసేవారు. ఒక కవి పాటలకు, అందునా వేల పాటలకు, ఆ గౌరవం కల్పించడం మాత్రం అపూర్వం. రాగిని సేకరించాలి. దానిని పలుచని రేకులుగా సాగగొట్టించాలి. తాటియాకు ప్రతిని చూచి అక్షరం తప్పకుండా చెక్కగలిగిన పనివారిని సంవత్సరాల తరబడి పోషించాలి. ఇది అపారమైన ధనంతోనూ, అంతకు మించిన ఓర్పుతోనూ కూడిన పని. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలంలో పెదతిరుమలాచార్యుడు ఐశ్వర్యవంతుడుగా, గౌరవనీయుడుగా వెలుగొందాడు. తిరుమలేశునికి ఆయన గ్రామాలను సమర్పించి, నైవేద్యాలను, ఉత్సవాలను ఏర్పాటు చేసినట్లు ఆలయ శాసనాలు తెలుపుతున్నాయి. ఆ సంపదను తన సుఖానికే వినియోగించుకోక తండ్రి పాటలకు కూడ వెచ్చించాడు.

ఈ విధంగా 16వ శతాబ్ది పూర్వార్ధంలో వేల పాటలు లోహంపైకి ఎక్కాయి. సాధారణంగా ఒక్కొక్క రేకుకు ఆరేసి పాటల వంతున రెండు ప్రక్కలా చెక్కారు. ప్రతి పాటకు దాని రాగం పేరు వ్రాశారు. అన్నమాచార్యుడు సంకీర్తనలను ఆరంభించిన సంవత్సరాన్ని, ఆయన పరమపదించిన తిథిని కూడ రేకుపై నమోదు చేశారు. ఆ మహాకవి కాలాన్ని మనం నిశ్చయంగా చెప్పగలుగుతున్నామంటే దానికి ఆ రేకులే ఆధారం. రేకులను భద్రపరచడానికి తిరుమల ఆలయంలోనే ఒక రాతి గది ఏర్పడింది. దానికి సంకీర్తన భాండారమని పేరు. దాని ద్వారానికి ఇరువైపులా తండ్రీకొడుకుల శిల్పాలు నిలిచాయి.

పెదతిరుమలాచార్యుడు కేవలం సంరక్షకుడు కాడు, స్వయంగా గొప్ప కవి. వందలాది సంకీర్తనలతో పాటు వైరాగ్య వచన మాలికా గీతాలు, నీతిసీస శతకం, చక్రవాళ మంజరి, శృంగార దండకం, వేంకటేశ్వరోదాహరణం మొదలైనవి రచించాడు. భగవద్గీతను తెలుగు వచనంలోకి తెచ్చాడు. ఆయన కుమారులు కూడ తాతగారి వారసత్వాన్ని నిలబెట్టారు. చినతిరుమలాచార్యుడు సంకీర్తనలు రచించాడు. చిన్నన్న అనే పేరుతో ప్రసిద్ధుడైన చినతిరువేంగళనాథుడు తాతగారి జీవితాన్ని అన్నమాచార్య చరిత్రము అనే ద్విపద కావ్యంగా మలచాడు. రాజుపై పాట కట్టడానికి అన్నమాచార్యుడు నిరాకరించగా సాళువ నరసింహరాయడు ఆయనకు సంకెళ్ళు వేయించిన వృత్తాంతం అందులోనిదే.

వారి శ్రమ విలువను గ్రహించడానికి ఒక్క ఉదాహరణ చాలు. అన్నమాచార్యుడు పాటల రచనా పద్ధతిని వివరిస్తూ సంస్కృతంలో సంకీర్తన లక్షణమనే గ్రంథాన్ని రచించాడు. దానికి పెదతిరుమలాచార్యుడు వ్యాఖ్య వ్రాశాడు. ఆ రెండూ నేడు లభించడం లేదు. చినతిరుమలాచార్యుడు వాటిని అనుసరించి తెలుగులో రచించిన గ్రంథం మాత్రం మిగిలింది. తాతగారి శాస్త్రం మనుమని మాటల ద్వారానే మనకు చేరింది. అన్నమాచార్యుడు రచించిన ద్విపద రామాయణానికి ఆ అదృష్టం కూడ పట్టలేదు.

1565లో జరిగిన యుద్ధంతో విజయనగర వైభవం అస్తమించింది. కాలక్రమంలో రాజపోషణ సన్నగిల్లింది. పాటలు పాడే సంప్రదాయం క్షీణించింది, రేకుల ఉనికి కూడ మరుగునపడింది. 1816లో ఎ.డి.క్యాంబెల్ అనే ఆంగ్ల అధికారి తన తెలుగు వ్యాకరణ గ్రంథంలో తిరుమలలోని ఈ రేకులను ప్రస్తావించాడు. ఆయన ఆశించినది వ్యాకరణ గ్రంథం, కనిపించినవి భగవంతుని స్తుతి గీతాలు. అందువల్ల ఆ ప్రస్తావన అంతటితో ఆగిపోయింది. మరొక వంద సంవత్సరాలకు, 1922లో, దేవస్థానం శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఈ రేకులను వెలుగులోకి తెచ్చాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి 1949లో అన్నమాచార్య చరిత్రమును విపులమైన పీఠికతో ప్రకటించాడు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఎన్నో పాటలకు స్వరరచన చేశాడు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పింది. 2025లో కీర్తిశేషుడైన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి గాయకులు ఈ పాటలను ఇంటింటికీ చేర్చారు.

అన్నమాచార్యుని పాటలలో నేడు మనకు మిగిలినవి సుమారు 12,000. తక్కినవి ఏమైనాయో రేకులు చెప్పవు. మిగిలిన పాటలకు కూడ రాగం పేరే కాని, ఆయన పాడిన వరుస మనకు తెలియదు. లోహం అక్షరాన్ని కాపాడగలిగింది, కంఠధ్వనిని కాపాడలేకపోయింది. కంఠధ్వనిని కాపాడగలిగేది తరం నుండి తరానికి నేర్చుకునే అభ్యాసం ఒక్కటే. ఆ అభ్యాసం నడుమ తెగిపోయినందువల్ల నేడు మనం వినే బాణీలు ఇటీవలి సంగీతజ్ఞులు కూర్చినవే.

అయినా పెదతిరుమలాచార్యుని పూనిక వృథా కాలేదు. తన తండ్రి పాటను ఎవరు చదువుతారో, ఎప్పుడు చదువుతారో ఆయనకు తెలియదు. ఎవరో ఒకరు చదువుతారనే నమ్మకంతోనే అక్షరమక్షరం చెక్కించాడు. నేటికీ అన్నమాచార్య సంకీర్తనల సంపుటాలు తెరిస్తే పాటతో పాటు రేకు సంఖ్య కనిపిస్తుంది. అది ఒక కుమారుడు తీర్చుకున్న పితృఋణానికి గుర్తు. మన ఇళ్ళలోనూ పెద్దలు వ్రాసిన నోటుపుస్తకాలు, ఉత్తరాలు, అమ్మమ్మలు పాడే పాటలు ఉంటాయి. వాటిని కాపాడడానికి రాగిరేకులు అవసరం లేదు, శ్రద్ధ ఉంటే చాలు. ఆ శ్రద్ధ అలవరచుకున్ననాడు మనం కూడ పెదతిరుమలాచార్యుని బాటలో నడిచినవారమవుతాము.