ఓమ్ మేష్టారు

రెసిస్టెన్స్ బాక్సులో ప్లగ్గు తీసి 5 ఓమ్‌లు, 10 ఓమ్‌లు అని రికార్డులో రాసేసుకుంటాం. ఆ ఓమ్ ఒక బడిపంతులు పేరు. (మన ఓంకారానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు!)

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. ఆయన స్వయంకృషితో లెక్కలు నేర్చుకుని కొడుకులకు తానే చెప్పాడు. 1805లో యూనివర్సిటీలో చేరిన ఓమ్ డాన్సుల్లో, బిలియర్డ్సులో, స్కేటింగులో పడ్డాడు. తండ్రికి ఒళ్లు మండింది. చదువు మాన్పించి స్విట్జర్లాండుకు పంపేశాడు. అక్కడ లెక్కల మేష్టరుగిరీ చేసి, తిరిగివచ్చి 1811లో డాక్టరేటు పుచ్చుకున్నాడు.

1817లో కొలోన్‌లోని ఒక హైస్కూల్లో చేరాడు. అక్కడ లాబొరేటరీ మంచిది. తీగలలో కరెంటును కొలవాలని కూర్చున్నాడు గాని, ఆనాటి బ్యాటరీల శక్తి కొలుస్తుండగానే తగ్గిపోయేది. పూటకో బరువు తూగే రాయితో బియ్యం తూచినట్టన్నమాట! పోగెన్‌డార్ఫ్ సలహాపై బ్యాటరీ తీసేసి, బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్ పెట్టాడు. ఒక అతుకు మరిగే నీళ్లలో, రెండోది మంచులో. ఉష్ణోగ్రతల తేడా మారదు, కాబట్టి వోల్టేజీ మారదు. ఒకే మందం, వేర్వేరు పొడవులు గల రాగి తీగలను ఒక్కొక్కటే కలిపి, అయస్కాంతపు సూది తిరుగుడును బట్టి కరెంటు లెక్కకట్టాడు. వోల్టేజీ స్థిరంగా ఉంటే, సర్క్యూట్ మొత్తం నిరోధం పెరిగినంత కరెంటు తగ్గుతుందని 1826లో తేలింది. "మొత్తం" అన్నమాట ముఖ్యం. తీగ కాక మిగతా సర్క్యూట్ నిరోధాన్నీ ఆయన లెక్కలో వేశాడు. సెల్ అంతర్నిరోధం మరిచిపోయి మార్కులు పోగొట్టుకునే మనవాళ్లు గమనించాలి.

1827లో బెర్లిన్‌లో పుస్తకం అచ్చయింది. దాంతో యూనివర్సిటీ ఉద్యోగం వస్తుందని ఆశపడ్డాడు. ప్రకృతిని ఆలోచనతోనే తెలుసుకోవచ్చుననే పండితుల కాలమది. ఈ లెక్కలు, తీగలు వాళ్లకు రుచించలేదు. మనసు విరిగి 1828లో ఉన్న ఉద్యోగం కాస్తా వదులుకున్నాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్ చేరేదాకా బెర్లిన్‌లో పాఠాలు చెప్పుకుంటూ కాలక్షేపం చేశాడు. చివరికి 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకమిచ్చింది. మ్యూనిక్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ పీఠం దక్కేసరికి 1852 వచ్చింది, వయసు 63. రెండేళ్లకే, 1854 జూలై 6న, కన్నుమూశాడు.

1881లో పారిస్ కాంగ్రెస్ వోల్ట్, ఆంపియర్‌లతోపాటు ఓమ్‌నూ ఖాయం చేసింది. నిరోధానికి విలోమమైన వాహకత్వానికైతే ఆ పేరు స్పెల్లింగునే వెనకనుంచి చదివి "మో" అన్నారు. 1971లో దానికి సీమెన్స్ అని పేరు పెట్టారు గాని, పాత టెక్స్టు పుస్తకాల్లో మో ఇప్పటికీ తలకిందులుగా కనిపిస్తూనే ఉంటుంది.