హౌలిన్ వుల్ఫ్: పాట ఒకరిది, పైకం ఇంకొకరిది

1962లో షికాగోలోని చెస్ రికార్డ్స్ కంపెనీ ఒక ఎల్‌పీ విడుదల చేసింది. అట్ట మీద గాయకుడి ఫొటో లేదు. ఊగుడు కుర్చీ, దానికి ఆనించిన గిటారు ఉన్నాయంతే. ఆల్బమ్ పేరు గాయకుడి పేరే: హౌలిన్ వుల్ఫ్. అందులోని 12 పాటల్లో చాలావరకు విల్లీ డిక్సన్ రాసినవి. రాక్ సంగీతం ఆ పాటల మీద పడి బతికింది. ఆ గొంతు మాత్రం పత్తి చేలలో పుట్టింది.

ఆయన అసలు పేరు చెస్టర్ ఆర్థర్ బర్నెట్. 1910 జూన్ 10న మిసిసిపీ రాష్ట్రంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి ఇంట్లోంచి గెంటేసింది. ఆశ్రయమిచ్చిన బంధువు కొట్టి పని చేయించుకున్నాడు. పదమూడేళ్లకు అక్కడినుంచి పారిపోయి తండ్రి దగ్గరికి చేరాడు. తెల్ల భూస్వాముల పొలాల్లో నల్లవాళ్లు పంటలో వాటాకు దున్ని, ఏడాది చివర అప్పుతో మిగిలే కాలమది. లెక్కల పుస్తకం భూస్వామి చేతిలో ఉండేది. బర్నెట్‌కు చదవడం రాదు. పగలు చేలో పని చేస్తూనే చార్లీ ప్యాటన్ దగ్గర గిటారు నేర్చుకున్నాడు.

సైన్యంలో పనిచేసి వచ్చాక, 1948లో వెస్ట్ మెంఫిస్ రేడియోలో పాడసాగాడు. 1951లో శామ్ ఫిలిప్స్ మెంఫిస్‌లో ఆయన పాటలు రికార్డు చేశాడు. తర్వాత షికాగో చేరాడు. దక్షిణాది నుంచి లక్షలాది నల్లజాతి కూలీలు వలసపోయిన నగరమది. అక్కడ హ్యూబర్ట్ సమ్లిన్ ఎలక్ట్రిక్ గిటారు ఆయన గొంతుకు తోడైంది.

1962 ఆల్బమ్‌లోని 'ది రెడ్ రూస్టర్'ను రోలింగ్ స్టోన్స్ పాడితే 1964లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. 'స్పూన్‌ఫుల్'ను క్రీమ్, 'బ్యాక్ డోర్ మ్యాన్'ను డోర్స్ తమ తొలి ఆల్బమ్‌లలో పాడారు. స్టోన్స్ రుణం ఒప్పుకున్నారు. 1965లో అమెరికన్ టీవీ షో 'షిండిగ్'కు పిలిస్తే, వుల్ఫ్ కూడా పాడాలని పట్టుబట్టారు. అందరూ అలా లేరు. లెడ్ జెప్పెలిన్ 1969లో 'ది లెమన్ సాంగ్'లో ఆయన 'కిల్లింగ్ ఫ్లోర్' వాడుకుని పేరు వేయలేదు. పాట హక్కులున్న ఆర్క్ మ్యూజిక్ దావా వేశాక రాజీ కుదిరింది, ఆయన పేరు చేరింది. అయితే ఆ ఆర్క్‌లో చెస్ సోదరులకూ వాటా ఉంది. తనకు రావలసిన సొమ్ము కోసం చివరికి 1974లో వుల్ఫ్ ఆర్క్ మీదే కోర్టుకెక్కాడు. పొలంలో చూసిన లెక్కల పుస్తకం నగరంలోనూ ఎదురైంది.

అందుకే నడివయసులో ఆయన చేసిన పని విలువైనది. అప్పటికే పేరున్న గాయకుడు బడికెళ్లి కూర్చున్నాడు. చదవడం, రాయడం నేర్చాడు, ఆపైన లెక్కలు రాయడమూ నేర్చాడు. ఇంటి డబ్బు వ్యవహారాలు భార్య లిల్లీ చూసుకునేది. తన బృందంలోని వాద్యకారులకు సమయానికి జీతమిచ్చాడు. వాళ్ల తరఫున నిరుద్యోగ బీమా, సామాజిక భద్రత సొమ్ము కట్టాడు. క్లబ్బుల్లో వాయించేవాళ్లకు అప్పట్లో అలాంటి రక్షణ అరుదు.

మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ మీద ఉన్నా పాడడం మానలేదు. 1976 జనవరి 10న, 65 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 1991లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన పేరును చేర్చుకుంది.

గౌరవాలు చనిపోయాకైనా దక్కుతాయి. కూలి మాత్రం బతికుండగానే అందాలి. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టే, తనకు జరిగిన అన్యాయాన్ని తన దగ్గర పనిచేసినవాళ్లకు జరగనివ్వలేదు. ఆయన పాటలతోపాటు ఆ జీతాల లెక్కనూ గుర్తుంచుకోవాలి.