లార్డ్ కెల్విన్ – మంచు చెప్పిన సత్యం

ప్రకృతి శక్తులను తన అవసరాలకు మళ్ళించుకోవాలన్న తపన మానవునికి ఈనాటిది కాదు. పారే నీరు తిరగళ్ళను తిప్పింది. మరిగే నీరు ఆవిరి యంత్రాలను నడిపింది. గడ్డకట్టే నీటిలోనూ అపారమైన బలమున్నది. నీరు మంచుగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నిండుగా నీరు నింపి మూత బిగించిన గాజుసీసా గడ్డకట్టే చలిలో పగిలిపోవడానికి కారణమిదే. సీసాను పగలగొట్టే బలం బరువును కూడా ఎత్తగలదు. మరి ఆ బలంతో ఏ వ్యయమూ లేకుండా పని చేయించుకోవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం సాధించిన సోదరులిద్దరిలో చిన్నవాడు విలియం థామ్సన్. ఆయననే లోకం లార్డ్ కెల్విన్ అని పిలుస్తుంది.

విలియం 1824 జూన్ 26న ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో జన్మించాడు. తండ్రి గణితాచార్యుడు. 1830లో తల్లి మరణించగా, తండ్రే తల్లియై, గురువై బిడ్డలకు విద్య గరపాడు. 1832లో తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించడంతో కుటుంబం స్కాట్లండ్‌కు తరలివెళ్ళింది. పదేళ్ళ ప్రాయంలోనే విలియం తన అన్న జేమ్స్‌తో కలిసి ఆ విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు. అనంతరం కేంబ్రిడ్జిలో చదువు ముగించి, 1845లో పారిస్ వెళ్ళాడు. ఫ్రెంచి ఇంజనీరు కార్నో 1824లో ప్రకటించిన ఉష్ణయంత్ర సిద్ధాంతం అక్కడ ఆయన మనస్సును ఆకర్షించింది. ఆ గ్రంథం కోసం పుస్తక విక్రేతల వద్ద ఎంత వెదకినా లభించలేదు. అయినా పట్టు విడువలేదు. 1846లో, 22 ఏళ్ళ వయస్సులో, గ్లాస్గోలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన తరువాత దానిని సంపాదించి అధ్యయనం చేశాడు.

ఎత్తు నుండి పల్లానికి దూకే నీరే చక్రాన్ని తిప్పుతుంది. అలాగే వేడి అధిక ఉష్ణోగ్రత నుండి అల్ప ఉష్ణోగ్రతకు ప్రవహించినప్పుడే యంత్రం పనిచేస్తుందని కార్నో సిద్ధాంతం. దీనిని బట్టి సున్నా డిగ్రీల వద్దనున్న నీటిని, ఏ పనీ వెచ్చించకుండా, అదే ఉష్ణోగ్రత వద్ద మంచుగా మార్చవచ్చునని విలియం భావించాడు. ఇంజనీరైన అన్న జేమ్స్ అందులోని చిక్కును గుర్తించాడు. గడ్డకట్టే నీరు వ్యాకోచించి బరువును ఎత్తుతుంది కదా! అలాగైతే ఉష్ణోగ్రతలో భేదమేమీ లేకుండానే అంతులేని పని లభించాలి. అది అసంభవం. కార్నో సిద్ధాంతమైనా తప్పు కావాలి, లేదా నీటి స్వభావంలో అంతవరకు ఎవరూ గమనించని రహస్యమైనా ఉండాలి. ఒత్తిడి పెరిగితే నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గి తీరాలని 1849లో జేమ్స్ నిర్ధారించాడు. ఒక వాతావరణ పీడనానికి ఆ తగ్గుదల సుమారు 0.0075 సెంటీగ్రేడ్ డిగ్రీలని లెక్కకట్టాడు.

తర్కం ఎంత దృఢమైనదైనా ప్రయోగం ముందు తల వంచవలసిందే. ఆ గణన తప్పితే విలియం నమ్మిన సిద్ధాంతానికే పునాది కదిలిపోతుంది. అయినా ఆయన వెనుకాడలేదు. అంతటి స్వల్ప భేదాన్ని పసిగట్టగల ఈథర్ ఉష్ణమాపకాన్ని సిద్ధపరచి, 1850లో మంచునూ నీటినీ కలిపి ఒత్తిడికి గురిచేశాడు. ఫలితం అన్న చెప్పిన విలువకు అతి సమీపంలో నిలిచింది. మంచు ఎంత ఎక్కువ బరువును ఎత్తవలసి వస్తే నీటిని అంత ఎక్కువగా చల్లబరచాలి. ప్రకృతి శక్తినిస్తుంది గాని ఉచితంగా ఇవ్వదు.

1848లోనే ఆయన పరమ ఉష్ణోగ్రతామానాన్ని ప్రతిపాదించాడు. 1851లో ఉష్ణగతిశాస్త్ర రెండవ నియమాన్ని స్పష్టంగా సూత్రీకరించాడు. అట్లాంటిక్ సముద్ర గర్భంలో తంతి తీగ వేసే మహాకార్యంలో పాల్గొన్నాడు. 1858లో వేసిన తీగ కొద్ది వారాలకే మూగబోయినా, 1866లో విజయం చేకూరింది. ఆ ఏడే ఆయనకు సర్ బిరుదు లభించింది. 1892లో ప్రభువర్గంలో స్థానం పొందినప్పుడు, విశ్వవిద్యాలయం చెంత పారే కెల్విన్ నది పేరునే తన పేరుగా స్వీకరించాడు. అన్న జేమ్స్ మరణించినదీ ఆ సంవత్సరమే.

53 సంవత్సరాలు ఆచార్యత్వం నెరపి 1899లో పదవీ విరమణ చేసిన కెల్విన్ 1907 డిసెంబరు 17న కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో న్యూటన్ సమాధి చెంతనే ఆయన భౌతికకాయాన్ని ఉంచారు. ఉష్ణోగ్రతను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఆయన పేరు ధరించి ఉన్నది. అన్న లేవనెత్తిన సందేహాన్ని తన భావానికి ఆటంకంగా తలచక, దానినే సత్యానికి బాటగా మలచుకోవడం ఆయన విజ్ఞానదృష్టికి నిదర్శనం.