హార్వర్డ్‌లో పద్దెనిమిదేళ్లు: యల్లాప్రగడ సుబ్బారావు



పిల్లలు డాక్టరో ఇంజినీరో అవుతామంటే ఆ దారి మనకు తెలుసు. పరిశోధన చేస్తానంటే మాత్రం చాలామందికి ఏం చెప్పాలో తోచదు. ఆ దారిలో ఏం ఎదురవుతుందో, ఏ సాయం కావాలో తెలుసుకోవడానికి ఈ నెల మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చూద్దాం.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. తల్లి వెంకమ్మ నగలు అమ్మి చదివించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. ఆ తర్వాత వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపుతో ఖాదీ వేసుకోవడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలోనే చనిపోయారు. ఆ దుఃఖం ఆయన్ను వైద్య పరిశోధన వైపు నడిపింది.

1922లో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విభాగంలో చేరడానికి బోస్టన్ వెళ్లారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి కలిసి ఖర్చు సర్దారు. ఆయన పట్టాతో అక్కడ ఆసుపత్రిలో డాక్టరుగా చేరే వీల్లేదు. అందుకే రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నారు.

డిప్లొమా తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. శరీర ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యపుస్తకాలకెక్కింది. 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. ఆ తర్వాత రెండేళ్లకు, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కండరాల నుంచి వేరుచేశారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. పని దొరికింది, ల్యాబు దొరికింది, పేపరు మీద పేరు కూడా పడింది. నిలకడైన కొలువే దొరకలేదు. చివరికి 1940లో ఆయన విశ్వవిద్యాలయం వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లే అనే మందుల కంపెనీలో చేరారు.

అక్కడ పరిశోధన డైరెక్టరయ్యాక, తనకు దొరకనిది తన బృందానికి అందించే వీలు కలిగింది. రసాయన శాస్త్రవేత్తలు, వైద్యులు, సూక్ష్మజీవుల నిపుణులు ఆయన నాయకత్వంలో కలిసి పనిచేశారు. ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబులో తయారుచేశారు. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందయింది. బోదకాలుకు హెట్రజాన్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ ఆ ల్యాబు నుంచే వచ్చాయి. అక్కడ తయారైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకు ఇస్తే కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు.

ఈ విజయాలకు ఇంట్లోవాళ్లు పెద్ద మూల్యమే చెల్లించారు. 1922లో వెళ్లినాయన మళ్లీ స్వదేశం రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భార్య శేషగిరి ఎదురుచూపులు ఫలించలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పెర్ల్ రివర్‌లో ఆయన గుండె ఆగింది. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మీ అమ్మాయో అబ్బాయో రేపు పీహెచ్‌డీ అంటే, ఎప్పుడు సంపాదిస్తావని అడిగే ముందు ఈ నాలుగూ కనుక్కోండి: గైడు ఎవరు? స్టైపెండ్ ఎంత, ఎన్నేళ్లు వస్తుంది? చేసిన పనికి పేపరులో పేరు ఉంటుందా? పీహెచ్‌డీ తర్వాత ఏయే కొలువులకు దారి ఉంది? జవాబులు పిల్లలతో కలిసి వెతకండి. ప్రతిభ సుబ్బారావుకు పుష్కలంగా ఉంది. అయినా ఒక తల్లి నగలు, ఒక మామగారి నమ్మకం, ఒక ధర్మసంస్థ డబ్బు లేకపోతే ఆయన బోస్టన్ ఓడ ఎక్కేవారే కాదు.