వానలో అందుకున్న కప్పు

మన బడి మైదానంలో క్రికెట్ ఆడే రోజుల్లో నేను బ్యాట్‌ను అందరిలా కాకుండా, ఎడమచేయి కింద, కుడిచేయి పైన ఉండేలా పట్టేవాణ్ని. దోస్తులు నవ్వితే సిగ్గుపడి మార్చుకున్నాను. అట్లాంటి పట్టునే జీవితాంతం వదలని ఒక ఆటగాడి సంగతి చాలా ఏండ్లకు తెలిసింది. ఆయన పేరు పాప్వా సెవ్‌గోలం.

1928లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టాడు. 1860 నుంచి మద్రాసు, కలకత్తా రేవుల మీదుగా చెరకు తోటల కూలికి మనవాళ్లను తీసుకెళ్లిన దేశమది. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. పాప్వాది అలా స్థిరపడిన భారతీయ కుటుంబమే.

చదువు అబ్బలేదు. గోల్ఫ్ మైదానంలో దొరల సంచులు మోసే కేడీగా చేరి, చూస్తూనే ఆట పట్టుకున్నాడు. అందరూ కుడిచేయి కింద పెట్టి కర్ర పట్టుకుంటే, ఆయన ఎడమచేయి కింద పెట్టేవాడు. నేర్పిన గురువు లేడు కనుక తప్పని చెప్పినవారూ లేరు.

ఆయన ఆట చూసిన గ్రాహం వుల్ఫ్ అనే తెల్లజాతి వ్యాపారి 1959లో యూరప్‌కు తీసుకెళ్లాడు. ఆ ఏడే డచ్ ఓపెన్ గెలిచాడు. 1960లో, 1964లో మళ్లీ గెలిచాడు.

సొంత ఊళ్లో మాత్రం వర్ణవివక్ష చట్టాలు అడ్డం నిలిచాయి. 1963లో డర్బన్‌లో నేటాల్ ఓపెన్ గెలిచినా క్లబ్బు భవనంలోకి అడుగు పెట్టనివ్వలేదు. బయట వానలో నిలబడి కప్పు అందుకున్నాడు. ఆ ఫొటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. 1965లో ప్రపంచ ప్రఖ్యాత గోల్ఫర్ గ్యారీ ప్లేయర్‌ను ఓడించి అదే కప్పు మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత ప్రభుత్వం ఆయనను స్వదేశీ పోటీల్లో ఆడనివ్వలేదు, పాస్‌పోర్టు కూడా తీసేసుకుంది. ఆటే బతుకుతెరువైనవాడికి ఆట లేకుండా చేశారు. 1978లో, 49 ఏండ్లకే, పేదరికంలో గుండెపోటుతో కన్నుమూశాడు.

ఇప్పుడు డర్బన్‌లో ఒక గోల్ఫ్ మైదానానికి ఆయన పేరే ఉంది. గెలిచినా లోపలికి రానివ్వని ఊరే అది.

మన బడి స్వర్ణోత్సవాల వేళ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. నలుగురు నవ్వారని నేను పట్టు మార్చుకున్నాను. ఆయన మార్చుకోలేదు. మీరు నాలాగా చేయకండి. మైదానంలో ఎవరైనా వేరేలా ఆడుతుంటే నవ్వకండి, కాసేపు నిలబడి చూడండి.