జాయప సేనాని

కాకతీయ గణపతిదేవుడు దివిసీమను జయించి, అచ్చటి అయ్యవంశపు కన్యలు నారాంబా పేరాంబలను పరిణయమాడెను. వారి సోదరుడు జాయపకు గుండామాత్యునిచే నృత్తవిద్య నేర్పించి, పిదప గజసాహిణిని, అనగా ఏనుగుదళమునకు అధిపతిని గావించెను. ఆ సేనాని 1253-54లో సంస్కృతమున నృత్తరత్నావళిని రచించెను. మావటీల నడుమ మెలగినవాడు నాట్యహస్తములను గూర్చి వ్రాయుట నేటివారికి వింతయే!

రంగస్థలముపై పోరు చూపవచ్చును గాని ఆయుధము తగులరాదు, నెత్తురు చిందరాదు, దెబ్బ సంజ్ఞామాత్రముగ నుండవలెనని భరతుని నియమము. ఆ సంజ్ఞ యెంతవరకు? తగులని కత్తి తగిలినట్లు తోచుట యెట్లు? సూత్రము క్లుప్తము, ప్రయోగము విస్తృతము. ఇట్టి సందిగ్ధములు భరతశాస్త్రమున పెక్కు కలవు. వానిని విప్పుటలో జాయపకు కాశ్మీరపండితుడు అభినవగుప్తుని వ్యాఖ్య ముఖ్యాధారమయ్యెను.

భరతుడు చెప్పని దేశినృత్తములను మాత్రము అతడు త్రోసివేయలేదు. ఎనిమిది అధ్యాయములలో నాలుగింటిని వానికే యిచ్చెను. పేరణి వానిలోనిదే. శాస్త్రమున లేదని దానిని విడిచియుండినచో భూపాలపల్లికి పొరుగున, పాలంపేటలోని 1213 నాటి రామప్పగుడి నర్తనశిల్పములకు అర్థము చెప్పువారు కరవై యుందురు. 20వ శతాబ్దమున నటరాజ రామకృష్ణ ఆ శిల్పములను, ఈ గ్రంథమును జతగూర్చి చూచియే పేరణిని మరల రంగమెక్కించెను.