సర్ ఆర్థర్ కాటన్

నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలమును పీడించిన క్షామమునకు డొక్కల కరవని పేరు. సుమారు 5 లక్షల జనులలో దాదాపు 2 లక్షలమంది నశించిరని నాటి అంచనా. అంతటి కరవులోను కృష్ణా గోదావరులు సముద్రమున గలియుచునే యుండెను. 1839లో ఉప్పెన కోరంగి రేవును ముంచివేసెను. 1821లో 7,38,308గా నున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగిపోయెను.

దీనికి దైవమొక్కటే కారణము కాదు. పూర్వులు త్రవ్వించిన చెరువులు పూడిపోయి, తూములు శిథిలములై, కాలువలు మేటవేసి యుండెను. కుంఫిణీవారు శిస్తు గట్టిగా వసూలు చేసిరేగాని మరమ్మతులకు వెచ్చించినది స్వల్పము. చెరువు చెడిన యూరిలో వాన మిక్కుటమైన గండి, కొరవడిన కరవు. రైతు ఎడ్లనమ్ముకొని వలసపోవును, పొలము బీడగును, శిస్తు తగ్గును. శిస్తు తగ్గెనని మరమ్మతులు మరల మానుదురు.

ఈ విషవలయమును గుర్తించినవాడు ఆర్థర్ కాటన్. ఆయన 1803 మే 15న ఇంగ్లండున జన్మించి, 1821లో ఇంజనీరుగా మద్రాసు చేరెను. కావేరి నీరు కొల్లిడమునకు మరలిపోవుటచే తంజావూరు పొలములు ఎండుచుండగా, 1836లో కొల్లిడముపై ఆనకట్టలు కట్టించెను. ఇసుక నేలపై కట్టడము నిలుపు విద్యను ప్రాచీనుల కల్లణై నుండి నేర్చితినని ఆయన దాపరికము లేక యొప్పుకొనెను. దొరలలో అది అరుదైన గుణము.

గోదావరిని పరిశీలించి 1844లో నివేదిక సమర్పించెను. 1847లో ధవళేశ్వరమున, నది లంకల నడుమ నాలుగు పాయలైన చోట పని ప్రారంభమయ్యెను. చేరువ కొండ రాయియే ఆనకట్టకు రాయి. వీణెం వీరన్న కూలీలను సమకూర్చి కుడిభుజమై నిలిచెను. కాటన్ నడుమ జబ్బుపడి సెలవుపై వెళ్లవలసి వచ్చినను పని ఆగలేదు. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువల వెంట వరియు, పడవలును వచ్చెను. 1855లో బెజవాడ ఆనకట్టయు లేచెను. అయితే నీరు పారినంత వేగముగా మురుగుకాలువలు త్రవ్వబడలేదు. పల్లపు భూములలో నీరు నిలిచి జ్వరములు ప్రబలెను. ఈ లోపమును ఆయన భక్తులు తరచు మరతురు.

1861లో సర్ బిరుదము లభించెను. ఆయన ప్రోత్సహించిన కర్నూలు కడప కాలువ మాత్రము చెన్నపట్నపు కంపెనీ చేతిలో ఖర్చు పెరిగి, రైతులు నీరు కోరక నష్టపడి, 1882లో సర్కారు వశమయ్యెను. 1876-78 మహాక్షామమున రాయలసీమ మాడిపోగా, రైళ్లకన్న కాలువలే ప్రాణరక్షకములని ఆయన వాదించెను. 1878లో పార్లమెంటు సంఘము వృద్ధుడైన ఆయనను కఠినముగా ప్రశ్నించెను. ఆయన తన పట్టు విడువలేదు.

1899 జూలై 24న డార్కింగ్ నగరమున మరణించెను. గోదావరీ స్నానము చేయు బ్రాహ్మణులు కొందరు తమ సంకల్పమున ఆ పరదేశి పేరును చేర్చుకొనిరి.